తువ్వాల కింద నరం

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆవిడ రేణుకమ్మ రోజుకు రెండుసార్లయినా అనేది, అంగడిలో వాళ్ళు వారానికోసారి అనేవాళ్ళు. కాదని నేనెప్పుడూ అనలేదు. ఎడ్ల బేరాలు చేసే దలాలుకు కాస్త కోపం ఉంటేనే మంచిదని నా నమ్మకం. కానీ పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆ కోపంతో నేను చేసిన పని ఒకటుంది. అది ఇప్పటికీ నాకు సరిగ్గా అర్థం కాదు. డాక్టరమ్మ చెప్పింది విన్నాను, మైసయ్య చెప్పింది విన్నాను. అయినా తలచుకుంటే బుర్ర తిరిగిపోతుంది.

ముందు మా పని సంగతి చెప్పాలి. సూర్యాపేట అంగడిలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ మా పాతకాలం దలాలులు ఎడ్ల బేరం నోటితో చేసేవాళ్ళు కాదు. అమ్మేవాడి తరఫున ఒక దలాలు, కొనేవాడి తరఫున ఒక దలాలు ఎదురెదురుగా కూర్చుంటారు. కలిపిన చేతుల మీద ఒక తువ్వాల కప్పుకుంటారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వంద మంది మూగినా ఎవరికీ ఏమీ తెలియదు. అరచేతిని రెండుసార్లు గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. అప్పుడు తువ్వాల దులిపి భుజాన వేసుకుంటాం.

ఇందులో నాకొక కిటుకు ఉండేది. వేళ్ళు పట్టుకునేటప్పుడు నా నడిమి వేలు ఎదుటివాడి మణికట్టు మీద ఆనించేవాణ్ణి. అక్కడ నరం కొట్టుకుంటుంది. వాడు పైకి "ఈ ఎడ్లు నాకొద్దు, పోనీ" అని లేవబోతున్నా సరే, నరం ఉరుకుతోందంటే ఆ ఎడ్ల మీద వాడికి ఆశ ఉన్నట్టే. నరం నిమ్మళంగా ఉందంటే వాడు నిజంగానే లేచిపోతాడు. నోరు అబద్ధం చెబుతుంది, కళ్ళు కూడా చెబుతాయి, నరం మాత్రం చెప్పదని నేను అనుకునేవాణ్ణి. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఎక్కడికి పోయిందో గానీ, నాకు అన్నం పెట్టింది ఈ నరం చదువే.

మైసయ్యది మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లి. నాది సూర్యాపేట పక్కన ఆత్మకూరు. నేను అమ్మేవాళ్ళ తరఫు, అతను కొనేవాళ్ళ తరఫు. ఇరవై ఏళ్ళు ఒకరికొకరం ఎదురుగా కూర్చున్నాం. ఆ లెక్కన మా ఇద్దరికీ పడకూడదు. కానీ రేణుకమ్మకు తోడబుట్టినవాళ్ళు లేరు. మొదటిసారి మా ఇంట్లో అన్నం తిన్ననాడే మైసయ్య ఆమెను "చెల్లె" అన్నాడు. అప్పటినుంచి నాకు బావ అయ్యాడు. అతని భార్య పుష్పమ్మ నన్ను అన్నా అని పిలుస్తుంది.

నా కిటుకు మైసయ్య మూడో ఏడే కనిపెట్టాడు. కోప్పడతాడని అనుకున్నాను. పకపకా నవ్వి, చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు నా ముందు పెట్టాడు.

"సూసుకో బావ, మంచిగ సూసుకో. నీ దగ్గర దాచనీకి నాకేమున్నది?"

తెలిసి కూడా చెయ్యి ఇస్తూనే ఉన్నాడు. అతని నరం నాకు నా ఇంటి దారంత బాగా తెలుసు. మంచి ఎడ్లను చూస్తే గంతులేసేది. అబద్ధం ఆడాల్సి వస్తే ఒక దెబ్బ తప్పేది. రేణుకమ్మ చేసిన చేపల పులుసు గురించి మాట వచ్చినా ఉరికేది, దానికి నేను నవ్వి నవ్వి చచ్చేవాణ్ణి.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో మొదలైంది తిరకాసు. తండా నుంచి మంగ్త్యా అనే రైతు ఒక కోడెల జత తెచ్చాడు. తెల్లటివి, ఎత్తుమూపురాలు, చూస్తే కడుపు నిండేటట్టున్నాయి. త్రిపురారం రైతు కోసం మైసయ్య వచ్చాడు. కాలువ నీళ్ళొచ్చాక ఆ వైపు వరి మళ్ళు పెరిగాయి, ఎడ్ల కోసం ఎగబడుతున్నారు. ఇద్దరం కూర్చుని తువ్వాల కప్పుకున్నాం. నా వేలు దాని చోటికి అది పోయింది.

నరం మెల్లగా కొట్టుకుంటోంది. ధర పెంచాను, అంతే. తగ్గించాను, అంతే. కోడెల్ని మా ముందు నడిపించమన్నాను, అవి ఎంత ఠీవిగా నడిచాయో చెప్పలేను. మైసయ్య కళ్ళు మెరిశాయి. నరం మాత్రం మధ్యాహ్నం పూట బరువు లాగే ముసలి ఎద్దులా ఒకే అడుగు వేసుకుంటూ పోతోంది.

కొనడనుకుని నేను ధర బాగా దించాను. మైసయ్య టక్కున అరచేతిని రెండుసార్లు నొక్కాడు. తువ్వాల దులిపాక మంగ్త్యా ముఖం చూడలేకపోయాను.

"ఏమైంది పర్వతాలన్నా? గింత తక్కువకా?" అన్నాడతను.

"నాకే తెలుస్తలేదురా," అన్నాను. నిజంగానే తెలియలేదు.

తర్వాతి అంగడిలో కూడా అదే తంతు. వేళ్ళు మొద్దుబారాయేమోనని మిగతా వాళ్ళ మీద పరీక్షించుకున్నాను. కోదాడ దలాలు జనార్దన్ నరం ఎప్పటిలాగే ఎగిరింది. ఇంటికొచ్చి రేణుకమ్మ చెయ్యి పట్టుకున్నాను. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే ఆమె చెయ్యి విదిలించుకుంది.

"పిచ్చిగిన లేసిందా నీకు? పప్పు మాడుతుంది."

సంగతంతా చెప్పాను. మైసయ్య ఏదో కొత్త విద్య నేర్చుకున్నాడని, శ్వాస బిగబట్టో, తాయెత్తు కట్టుకునో నన్ను మోసం చేస్తున్నాడని అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నరాన్ని అడుగుడెందుకు? మనిషిని అడగరాదా? మొన్నొచ్చినప్పుడు సూసిన, అన్న జర గుంజినట్టున్నడు. మెట్లెక్కి ఆయాసపడ్డడు. ఏందో అడుగు."

ఆ మాట నేను చెవిన పెట్టలేదు. ఒకసారి హోటల్లో చాయ తాగుతూ మైసయ్య జేబులోంచి పొట్లం తీసి ఒక మాత్ర వేసుకోవడం చూశాను. ఏందది అంటే, "నడిస్తె ఛాతిల పట్టినట్టయితుంది బావ. మిర్యాలగూడ డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ మింగుమన్నది, ఒక్క పూట కూడ ఆపొద్దన్నది" అన్నాడు. గుండె సంగతి నలుగురికీ తెలిస్తే తనను బేరాలకు ఎవరూ పిలవరని, ఎవరితో అనొద్దని కూడా చెప్పాడు. నేను సరే అన్నాను. ఛాతీ నొప్పికి మాత్ర మింగితే మణికట్టు దగ్గర నరం ఎందుకు మారాలి? అది ఇదీ కలిపి చూడాలనే ఆలోచనే నాకు రాలేదు.

వానాకాలంలో రేణుకమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించాను. తగ్గకపోతే సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. ఆలస్యమైందన్నారు. నాలుగు రోజులు కూర్చున్నచోట కూర్చున్నాను, కన్ను మూయలేదు. ఐదో రోజు ఆమె పోయింది.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక కూడా నాకు ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని మొద్దులా కూర్చున్నాను. ఎవరెవరో వచ్చారు, ఏదేదో అన్నారు. ఆ మాటలు ఎవరి ఇంట్లోనో అంటున్నట్టు వినబడ్డాయి. సుమంగళిగా పోయిన మనిషికి పుట్టింటి చీర కప్పాలి. ఆమెకు పుట్టిల్లు లేదు. మధ్యాహ్నం బస్సుకు మైసయ్య వచ్చాడు, చేతిలో పసుపుపచ్చ చీర పట్టుకుని. దాన్ని ఆమె మీద కప్పి, కాళ్ళకు దండం పెట్టి, నా పక్కన వచ్చి కూలబడ్డాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

నేను కావాలని చేయలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు, నా వేలు దానంతటదే అతని మణికట్టు మీదికి పోయింది.

నరం నిమ్మళంగా కొట్టుకుంటోంది.

చేపల పులుసు పేరెత్తితే ఉరికిన నరం అది. కోడెలు నడిస్తే గంతులేసిన నరం. ఆ పులుసు వండిన మనిషి ఎదురుగా పడుకుని ఉంటే ఒక్క అడుగు కూడా తొందరగా వేయలేదు. నేను మళ్ళీ వెతికాను, వేలు అటూ ఇటూ జరిపాను. తేడా లేదు. ఏదీ అర్థం కాలేదు నాకు. ఆ కన్నీళ్ళు ఎక్కడివి? ఇన్నేళ్ళు చెల్లె చెల్లె అన్నది ఉత్తదేనా? ఎవరిని నమ్మాలి, కళ్ళనా నరాన్నా? నేను నా చదువునే నమ్మాను. చెయ్యి లాక్కున్నాను.

పదో రోజు దాకా కడుపులో పెట్టుకున్నాను. ఆ రోజు బంధువులందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మైసయ్య వడ్డిస్తున్నాడు, అన్న కదా. "చెల్లె చేతి పులుసు ఇగ యాడ దొరుకుతది" అని ఎవరితోనో అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జర ఆపుతవా మైసయ్యా నాటకం? ఆమె పోయిన్నాడు నీ చెయ్యి పట్టి సూసిన. నీ కండ్లు ఏడుస్తున్నయి గని నీ నరం ఏడుస్తలేదు. అంగడిల చేసే బేరం నా ఇంట్ల చెయ్యకు."

బావ అనలేదు, పేరుపెట్టి పిలిచాను. చేతిలో గిన్నెతో మైసయ్య అలాగే నిలబడిపోయాడు. తిరగబడి తిడతాడని అనుకున్నాను. తిట్టలేదు. తన మణికట్టు తనే చూసుకున్నాడు.

"నాక్కూడ సమజైతలేదు బావ," అన్నాడు మెల్లగా. "లోపల కాలిపోతుంది. గుండె మాత్రం కొట్టుకుంటలేదు. ఎందుకో నాకు తెల్వదు."

గిన్నె కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అతన్ని ఆపమని నాతో ఎవరూ అనలేదు, నేనూ ఆపలేదు.

తర్వాత మిర్యాలగూడ వైపు పోవడం మానేశాను. సూర్యాపేట అంగడికి అతను రావడం మానేశాడు. పొద్దున కోపం, సాయంత్రం సిగ్గు, మళ్ళీ పొద్దున కోపం. ఒక్కడినే వండుకుని తింటూ, నేనన్నది తప్పా ఒప్పా అని నాతో నేనే వాదించుకునేవాణ్ణి. ఒక రోజు నేను గెలిచేవాణ్ణి, ఒక రోజు మైసయ్య గెలిచేవాడు. రేణుకమ్మ ఉంటే రెండు మాటల్లో తేల్చేసేది.

నెల తిరిగాక పుష్పమ్మ వచ్చింది. బస్సు దిగి ఆత్మకూరు దాకా నడిచొచ్చినట్టుంది, కాళ్ళు దుమ్ము కొట్టుకుపోయాయి. నీళ్ళిస్తే తాగకుండా పక్కన పెట్టింది.

"అన్నా, ఆయిన మనిషి మనిషిగ లేడు. పొద్దుమాపు తన నాడి తనే పట్టుకోని కూసుంటుండు. చెల్లె సచ్చిపోతె నా గుండె ఎందుకు కొట్టుకోలే, నేను బండరాయినైతినా అని నన్ను అడుగుతుండు. నేనేం చెప్పాలె? ఆఖరికి ఇదంత ఆ మాత్రల వల్లనే అంటుండు. అయి మింగినకాడికెల్లే గిట్లయ్యిందట. నువ్వొక్కసారి వచ్చి మాట్లాడు, నీ కాళ్ళు మొక్కుత."

నా కళ్ళ ముందు అతను గిన్నె పట్టుకుని నిలబడ్డ తీరు మెదిలింది. పోదామనే అనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ మాత్ర అనగానే నాకు ఒళ్ళు మండింది. జ్వరానికి మాత్రలున్నాయి, తలనొప్పికి ఉన్నాయి. చెల్లెలు చచ్చిపోయిన దుఃఖాన్ని ఆపే మాత్ర ఎక్కడైనా ఉంటుందా? ఏదో సాకు దొరికింది వాళ్ళకు అనుకున్నాను.

"గట్లనా చెల్లె? మరి ఆ మాత్ర మానేసి రమ్మను," అన్నాను. "అప్పుడు పట్టుకుంట చెయ్యి. అప్పుడు సూద్దాం కొట్టుకుంటదో లేదో."

పుష్పమ్మ నా వైపు ఒక క్షణం చూసి లేచింది. ఆ మాట ఆమె ఇంటికి మోసుకుపోతుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఎనిమిదో రోజున మిర్యాలగూడ అంగడికి పోయాను. ఎడ్లున్నాయని పోయానని అందరికీ చెప్పాను. ఎడ్లున్న మాట నిజమే, మంగ్త్యావే. కానీ నా కళ్ళు ఎడ్ల మీద లేవు.

మైసయ్య నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. మనిషి బాగా చిక్కాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఏ రైతూ మా దగ్గర లేడు, ఏ ఎడ్లూ మా ముందు లేవు. అతను తన భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు, తన చెయ్యి కిందికి పోనిచ్చాడు. జనం చూసి దగ్గరకొచ్చారు. ఇద్దరు పెద్ద దలాలులు ఏ ఎడ్ల కోసం కూర్చున్నారో అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలు పోయారు.

"ఐదు రోజులాయె మాత్ర బంద్ చేసి," అన్నాడు. "సూసుకో బావ, మంచిగ సూసుకో."

వేలు పెట్టాను.

అబ్బ, ఏం కొట్టుకోవడం అది! ఎన్నడూ అంత చూడలేదు. నా వేలిని తోసేస్తోంది. దెబ్బ మీద దెబ్బ, మధ్యలో సందు లేకుండా. మైసయ్య నా కళ్ళల్లోకి చూస్తూ "రేణుకా" అన్నాడు. ఎన్నడూ పేరుతో పిలవలేదు ఆమెను. నరం ఇంకా ఉరికింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణం నేను సంతోషించాను. నా మైసయ్య నాకు దొరికాడని, నా చదువు తప్పు కాదని, రెండూ కలిపి సంతోషించాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేణుకమ్మ పోయాక అదే మొదటిసారి.

అరచేతిని నొక్కుదామనుకునేంతలో నరం తప్పటడుగులు వేసింది. రెండు గంతులు, ఒక ఆగుడు, మళ్ళీ మూడు గంతులు. తల ఎత్తి చూస్తే మైసయ్య ముఖం నిండా చెమట. ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"బావ, పట్టేసింది," అని పక్కకు ఒరిగిపోయాడు.

మంగ్త్యా పరుగెత్తుకొచ్చి తన బండి కట్టాడు. అమ్మడానికి తెచ్చిన ఎడ్లే బస్టాండు దగ్గరి దవాఖాన దాకా ఉరికాయి. మైసయ్య తల నా ఒళ్ళో ఉంది. తోవ పొడుగునా నేను అతని మణికట్టు వదల్లేదు, ఆ నరం ఆగకుండా ఉంటే చాలని వేలితో మొక్కుకుంటూ పోయాను. నిమ్మళంగా కొట్టుకో, నిమ్మళంగా కొట్టుకో అని. నెల కింద అదే నేరమని తిట్టినవాణ్ణి నేనే.

మైసయ్యకు ఆ మాత్రలిచ్చిన డాక్టరమ్మ స్వరాజ్యలక్ష్మిది కోదాడ. చదువయ్యాక మిర్యాలగూడలో బస్టాండు దగ్గర నాలుగు మంచాల దవాఖాన పెట్టింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. లోపల ఆమె సూదులు వేసింది, నాలుక కింద ఏదో పెట్టింది, తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీసింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పుష్పమ్మకు కబురు పంపాను. ఆమె వచ్చి నా ముందునుంచే లోపలికి పోయింది, నా వైపు చూడలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ప్రాణానికి ఇప్పటికి ఫర్వాలేదు. మూడు రోజులు గడవాలి, హైదరాబాద్‌కి కదిపితే ప్రమాదం. మాత్రలు ఎందుకు ఆపేశాడండీ ఈయన? ఒక్క పూట కూడా ఆపొద్దని చెప్పాను కదా."

"నేనే ఆపమన్న అమ్మా," అన్నాను.

సంగతంతా చెప్పాను. తువ్వాల, నరం, చీర, పదో రోజు మాట, ఏదీ దాచలేదు. తిడుతుందని చూశాను. ఆమె బెంచీకి ఆ చివర కూర్చుంది, అలసిపోయినట్టుంది.

"మీరు బస్సెక్కేటప్పుడు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేస్తారు కదా?" అంది.

"ఏస్తం. అందరం ఏస్తం."

"అది చూసి ఇంకెవరూ కూర్చోరు. అవునా? గుండె కండలో కోట్ల కణాలుంటాయండీ. ఒక్కో కణం మీద కొన్ని సీట్లుంటాయి అనుకోండి. వాటిని మేం గ్రాహకాలంటాం. మనిషికి భయమేసినా, ఆశ పుట్టినా, దుఃఖం వచ్చినా ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. రక్తంలో వచ్చి ఆ సీట్లలో కూర్చుంటుంది. కూర్చోగానే కణం లోపలికి కబురు పోతుంది. కండ గట్టిగా, గబగబా కొట్టుకుంటుంది. మీ వేలికి తగిలేది అదే."

"మరి మాత్ర?"

"మాత్ర ఆ సీట్ల మీద వేసిన తువ్వాల. రసం వస్తుంది, కూర్చోడానికి చోటుండదు. గుండెకు కబురు అందదు. ఆయన గుండె బలహీనం, కబుర్లన్నీ తట్టుకోలేదు. అందుకే ఇచ్చాను."

తువ్వాల కింద ఏముందో నాకు మాత్రమే తెలుసని ఇరవై ఏళ్ళు విర్రవీగినవాణ్ణి. ఆ తువ్వాల కింద ఇంకో తువ్వాల ఉందని నాకేం తెలుసు?

"అయితె తువ్వాల తీస్తె పాతతీరుగ కావాలె గద? గింతగనం ఎందుకాయె?"

డాక్టరమ్మ గోడకేసి చూసింది.

"అదే నాకూ సరిగ్గా తెలియదండీ. మేం చదువుకున్నప్పుడు ఈ మాట లేదు. ఇలా ఉన్నట్టుండి ఆపితే కొందరికి గుండెపోటు వస్తోందని ఈ మధ్యే పత్రికల్లో రాస్తున్నారు. సీట్లన్నీ మూసేసి ఉంచితే, కణం ఆ కబురు కోసం మొహం వాచిపోతుందేమో, కొత్త సీట్లు వేసుకుంటుందేమో అని నా ఊహ. తువ్వాలలన్నీ ఒక్కసారి తీసేస్తే రసం ఎగబడి కూర్చుంటుంది. మెల్లమెల్లగా తగ్గించాలి తప్ప ఇలా ఆపకూడదు. ఎందుకు ఆపొద్దో ఆయనకు చెప్పలేకపోయాను, నాకే తెలియదు కాబట్టి."

చదువుకున్న మనిషి తెలియదని అంటుంటే నాకు ఇంకా అయోమయమైంది. ఒక్కటే అడగాలనిపించింది.

"అమ్మా, గుండెకు కబురు అందలేదన్నవు. మరి ఆమె సచ్చిపోయిన్నాడు ఆయన దుఃఖం యాడున్నట్టు?"

"అది నా పుస్తకాల్లో లేదండీ," అని లేచింది. "మళ్ళీ మాత్ర మొదలుపెట్టాను. ఎక్కువ మాట్లాడించకండి."

రెండు రోజులు నేను ఆ బెంచీ మీదే ఉన్నాను. పుష్పమ్మ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. మూడో రోజు పొద్దున తలుపు దగ్గరకొచ్చి, "పిలుస్తుండు" అని మాత్రం అంది.

మైసయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం కొంచెం తేరుకుంది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో దారి పొడుగునా, బెంచీ మీదా ఎన్నిసార్లో కూర్చుకున్నాను. అదంతా పక్కన పెట్టాను. నా భుజం మీది తువ్వాల తీసి అతని చేతి మీద కప్పాను. నా చెయ్యి కిందికి పోనిచ్చాను. ఈసారి నా వేలు నరం మీద పెట్టలేదు, ముడిచి ఉంచుకున్నాను.

కానీ అతని వేలు కదిలింది. మెల్లగా వచ్చి నా మణికట్టు మీద, సరిగ్గా నరం మీద ఆనుకుంది. నా గుండె దబదబ కొట్టుకుంటోంది.

"ఇయ్యాల ఉరుకుతుంది," అని మైసయ్య నవ్వాడు.

"నువ్వు... నువ్వు కూడ సూస్తవా?"

"నువ్వొక్కనివే దలాలువా బావ? నీ కిటుకు తెలిసిన్నాటి సంది సూస్తున్న."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. డాక్టరమ్మ మాట్లాడించొద్దన్నది గుర్తొచ్చి వద్దన్నట్టు తల ఊపాను. అతను ఆగలేదు.

"చెల్లె పోయిన్నాడు కూడ సూసిన. చీర కప్పి నీ పక్కన కూసున్న సూడు, అప్పుడు. నీ నరం కూడ నిమ్మళంగనే ఉండె బావ. నాకన్న నిమ్మళంగ ఉండె. నీకు మాత్ర కూడ లేకపాయె."

గోడకు ఆనుకుని మొద్దులా కూర్చున్న ఆ మధ్యాహ్నం, ఎవరి ఇంట్లోనో అన్నట్టు వినబడ్డ మాటలు, రాని ఏడుపు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నేనామెను ప్రేమించలేదా? ప్రేమించాను. ఆమె లేని ఇంట్లో గరిటె ముట్టుకోవాలన్నా నాకు చేతులు రావు. మరి నా నరం ఎందుకు ఊరుకుంది?

"మరి నన్నేం అనలేదేంది?" అన్నాను.

"ఏమనాలె? నువ్వు దుఃఖంల ఉన్నవని నాకు తెల్వదా?"

ఇంక ఆగలేదు నాకు. అతని చేతి మీద తల పెట్టి ఏడ్చాను. పుష్పమ్మ వచ్చి వెనక నిలబడింది, తర్వాత నా వీపు మీద చెయ్యి వేసింది. రేణుకమ్మ పోయిన రెండు నెలలకు నేను ఆమె కోసం ఏడ్చాను, ఆ దవాఖానలో, ఎడ్ల దలాలు మంచం పక్కన.

తల ఎత్తేసరికి తువ్వాల కింద మైసయ్య నా అరచేతిని ఒకసారి నొక్కి ఆగాడు. రెండోసారి నొక్కడానికి బలం చాలలేదో, నా కోసం ఆగాడో తెలియదు. రెండోది నేను నొక్కాను.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. తువ్వాల తియ్యండి, నాడి చూడాలి అంది. నేను ఆ చెయ్యి వదల్లేదు, రెండో చెయ్యి చూసుకొమ్మన్నాను.